గీజర్‌లో సున్నం: మన ఇంటి నీళ్ల కాఠిన్యం కొలిచి, వస్తువుల్ని కాపాడుకోవడం ఎలా

పోయిన చలికాలం మా గీజర్ విప్పిన మెకానిక్ ట్యాంకు వంపితే నీళ్లతో పాటు తెల్లటి పెచ్చులు రాలాయి. కోడిగుడ్డు పెంకులు నలిపి పోసినట్టు, సగం మగ్గు. ఎలిమెంట్ బయటికి తీశాడు. పెన్సిల్ లావు ఉండాల్సిన రాడ్డు మొక్కజొన్న పొత్తులా తయారైంది. "బోరు వాటరే కదా సార్?" అన్నాడు, అడిగినట్టు కాదు, తేల్చి చెప్పినట్టు. కొని రెండేళ్లే. అమ్మిన షాపుకు వెళ్తే "మీ నీళ్లలో టీడీఎస్ ఎక్కువ" అన్నారు, అంటే నీళ్లలో కరిగిన మొత్తం లవణాలు. ఆ మాట సగమే నిజమని తర్వాత తెలిసింది.

మాది హైదరాబాద్‌లో ఒక మామూలు అపార్ట్‌మెంట్. మున్సిపల్ నీళ్లు, బోరు నీళ్లు, ఎండాకాలం ట్యాంకర్ నీళ్లు, అన్నీ ఒకే సంపులో కలుస్తాయి. చాలామంది ఇళ్లలో ఇదే కథ కాబట్టి, ఆ గీజర్ పోయాక నేను చేసిన పనులన్నీ వరసగా రాస్తున్నాను. ముందే ఒక్క మాట: షాపులో ఏదో ఒకటి కొనే ముందు కొలవండి. నేను ముందు కొన్నాను, తర్వాత కొలిచాను. అది తలకిందుల పద్ధతి.

సున్నం ఎక్కడ దిగుతుంది?

కాఠిన్యం అంటే నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం. వాన నీళ్లలో అది దాదాపు ఉండదు. అవి మట్టిలోంచి దిగుతూ గాలిలోని, నేలలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకొని కొంచెం పుల్లబడతాయి. ఆ పులుపుతో రాళ్లలోని కాల్షియం, మెగ్నీషియం కరిగించుకుంటాయి. తాండూరు, బేతంచెర్ల నాపరాళ్లు, పిడుగురాళ్ల సున్నపురాయి అసలు కాల్షియం కార్బొనేటే. హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైట్ అయినా, ఆ రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీళ్లకు ఈ లవణాలు బాగానే పడతాయి. కృష్ణా, గోదావరి, మంజీరా నీళ్లు సాధారణంగా బోరు నీళ్లకంటే మెత్తగా ఉండటానికి కారణం, అవి రాతిలో అంతకాలం కూర్చోకపోవడమే.

స్కూల్లో చదివిన తాత్కాలిక కాఠిన్యం, శాశ్వత కాఠిన్యం గుర్తున్నాయా? అప్పుడు మార్కుల కోసం బట్టీపట్టాం, ఇప్పుడు డబ్బు కోసం అర్థం చేసుకోవాలి. నీళ్లలో కాల్షియం బైకార్బొనేట్ రూపంలో ఉంటే కరిగే ఉంటుంది, కంటికి కనబడదు. వేడి చేస్తే అది విడిపోయి కాల్షియం కార్బొనేట్ అవుతుంది. అంటే గడ్డకట్టిన సున్నపురాయి. ఇది తాత్కాలిక కాఠిన్యం. సల్ఫేట్లు, క్లోరైడ్ల రూపంలో ఉన్నది మరిగించినా పోదు, అది శాశ్వతం.

దీన్నిబట్టి ఇల్లంతా చూడండి. నీళ్లు వేడెక్కే చోట సున్నం దిగుతుంది. నీళ్లు ఆరిపోయే చోట మిగిలిపోతుంది. గీజర్, కెటిల్, ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్, ఇస్త్రీపెట్టె మొదటి రకం. షవర్, కుళాయి మూతి, కూలర్ ప్యాడ్లు రెండో రకం. టాయిలెట్ ఫ్లష్ ట్యాంకు గురించి మాత్రం పెద్దగా టెన్షన్ పడక్కర్లేదు.

మొదటి మెట్టు: సంపు సంగతి కనుక్కోవడం

వాచ్‌మన్‌ని అడగండి: బోరు మోటారు రోజూ ఎంతసేపు వేస్తారు, మున్సిపల్ నీళ్లు ఎన్ని రోజులకోసారి వస్తాయి, అవి బోరు నీళ్లతో ఎక్కడ కలుస్తాయి. కొన్ని అపార్ట్‌మెంట్లలో వంటింటి కుళాయికి ఒక లైను, బాత్రూమ్‌లకు మరో లైను ఉంటాయి. అలా ఉంటే రెంటినీ విడిగా కొలవాలి. మా బిల్డింగ్‌లో పదేళ్లుగా ఉంటున్నవాళ్లకే ఈ సంగతి తెలియదు.

రెండో మెట్టు: కొలవడం

ఊరికే అంచనాకైతే సబ్బు చాలు. రెండు ఖాళీ సీసాలు తీసుకోండి. ఒకదాంట్లో సగం కుళాయి నీళ్లు, ఇంకోదాంట్లో సగం ఆర్‌ఓ నీళ్లు. స్నానం సబ్బు తురుము చిటికెడు చొప్పున వేసి బాగా గిలకొట్టండి. ఆర్‌ఓ సీసా నురగతో నిండుతుంది. కుళాయి సీసాలో నురగ నిలవక, పైన పాల విరుగుడులాంటి తెట్టు తేలితే కాఠిన్యం గట్టిగానే ఉన్నట్టు. హ్యాండ్‌వాష్, బట్టల లిక్విడ్ వాడితే ఈ పరీక్ష పనిచేయదు, అవి ఎలాంటి నీళ్లలోనైనా నురగ ఇస్తాయి.

అసలు అంకె కావాలంటే హార్డ్‌నెస్ టెస్ట్ కిట్ కొనండి. ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. నేను చేసే తీరు ఇది: చిన్న సీసాని అదే నీళ్లతో రెండుసార్లు కడిగి, గీత వరకు నింపుతాను. బఫర్ చుక్కలు వేసి, ఇండికేటర్ పొడి చిటికెడు కలుపుతాను. కాఠిన్యం ఉంటే నీళ్లు వెంటనే ద్రాక్షరసం రంగుకు తిరుగుతాయి. ఇక మూడో సీసాలోని, కాల్షియం, మెగ్నీషియాన్ని పట్టేసుకునే ఈడీటీఏ ద్రావణం ఒక్కో చుక్క వేస్తూ, ప్రతి చుక్కకీ సీసా తిప్పుతూ లెక్కపెట్టాలి. చివరికొచ్చేసరికి రంగు ఊదాకు మారుతుంది. చాలామంది అక్కడే ఆగిపోతారు. ఆగకండి, ఎరుపు జాడ పూర్తిగా పోయి ఇంకులా నీలం అయ్యేదాకా వేయాలి. చుక్కల సంఖ్యను కిట్ కాగితం మీద ఉన్న అంకెతో గుణించండి. ఒక్కో చుక్కకు 25 అని ఉండి మీకు 16 చుక్కలు పట్టాయంటే, లీటరుకు 400 మిల్లీగ్రాములు. పీపీఎం అన్నా అదే.

చుక్కలు మరీ ఎక్కువ పడుతుంటే, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ సగానికి సగం కలిపి కొలిచి, వచ్చిన అంకెను రెట్టింపు చేయండి.

ఇందులో సున్నంగా దిగేది ఎంతో తెలియాలంటే ఇంకో చిన్న పని ఉంది. ఒక లీటరు నీళ్లు పది నిమిషాలు మరిగించి, చల్లార్చి, శుభ్రమైన బట్టలో వడగట్టి, తగ్గినంత డిస్టిల్డ్ వాటర్ పోసి మళ్లీ లీటరు చేసి కొలవండి. మొదటి అంకెలోంచి ఇది తీసేస్తే వచ్చేది దాదాపుగా తాత్కాలిక కాఠిన్యం. మీ గీజర్‌కు శత్రువు ఎక్కువగా అదే.

ఇప్పుడు టీడీఎస్ మీటర్ సంగతి. పెన్నులా ఉండే ఆ మీటర్ నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో చూసి, మొత్తం లవణాల్ని అంచనా వేస్తుంది. అందులో మామూలు ఉప్పు ఎంతో, కాల్షియం ఎంతో దానికి తెలియదు. టీడీఎస్ 800 ఉన్న రెండు ఇళ్లలో ఒకచోట గీజర్ చక్కగా నడవచ్చు, ఇంకోచోట ఏడాదికే పోవచ్చు. అలాగే ఇంటికి వచ్చి గ్లాసులో రెండు కడ్డీలు ముంచి, కరెంటు పెట్టి, నీళ్లు గోధుమ రంగుకు తిరిగేలా చేసి భయపెట్టే అమ్మకందారులు ఉంటారు. ఆ రంగు ఆ కడ్డీల ఇనుము కరిగి వచ్చింది. ఆర్‌ఓ నీళ్లలో లవణాలు తక్కువ కాబట్టి కరెంటు పారదు, రంగు రాదు. అంతే ఆ మాయ.

మూడో మెట్టు: అంకెను చదవడం

మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 (2012) ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీళ్లు లేనప్పుడు 600 వరకు ఒప్పుకుంటారు. అయితే అది తాగే మనిషి కోసం పెట్టిన హద్దు, గీజర్ కోసం కాదు. 60 లోపు ఉంటే మెత్తటి నీళ్లు. 120 దాటితే కెటిల్ అడుగున తెల్ల పొర కనబడుతుంది. 180 దాటితే వాటిని చాలా కఠినమైన నీళ్లుగా లెక్కిస్తారు. 300, 400 వచ్చిందా, కింద చెప్పినవన్నీ మీకు పనికొస్తాయి.

ఒక్కసారి లెక్క వేద్దాం. తాత్కాలిక కాఠిన్యం 300, ఇంట్లో రోజుకు 60 లీటర్ల వేడినీళ్లు వాడతారు అనుకుందాం. 18 గ్రాములు. నెలకు 540 గ్రాముల సున్నం మీ గీజర్‌లోంచి ప్రయాణం చేస్తోంది. అంతా అక్కడే దిగిపోదు, చాలావరకు నీళ్లతో బయటికి వెళ్తుంది. కానీ అందులో కొద్ది భాగం నిలిచినా, మా మెకానిక్ వంపిన పెచ్చులకు అది చాలు.

నాలుగో మెట్టు: గీజర్

ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే. సున్నం వేడిని సరిగ్గా పోనివ్వదు. ఎలిమెంట్ వేడి నీళ్లలోకి వెళ్లలేక దాంట్లోనే మిగిలిపోతుంది, పై గొట్టం పగులుతుంది, లోపలికి నీళ్లు వెళ్తాయి. అప్పుడు ఇంటి ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్, టప్‌మని పడిపోతుంది. గీజర్ వేసినప్పుడల్లా అది ట్రిప్ అవుతోందంటే, దాన్ని బైపాస్ చేసి స్నానం చేయాలన్న ఆలోచన రానీయకండి. ఆ చిన్న స్విచ్ మీ ప్రాణం కాపాడుతోంది.

పాడైపోయే ముందు గీజర్ చెబుతూనే ఉంటుంది. ఇదివరకు పావుగంటలో వేడెక్కేది అరగంట తీసుకుంటుంది. లోపల అన్నం గిన్నె ఉడికినట్టు కుతకుత చప్పుడు. వేడి కుళాయి ధార మాత్రమే సన్నబడటం, కుళాయి జాలీలో తెల్ల రవ్వలు. మాకు ఈ మూడూ వచ్చాయి. "చలికి అలాగే ఉంటుందిలే" అనుకున్నాం.

ముందుగా థర్మోస్టాట్ 50, 55 డిగ్రీల దగ్గర పెట్టండి. నీళ్లు ఎంత వేడెక్కితే సున్నం అంత తొందరగా విడిపోతుంది. 75లో కాచి, సగం బకెట్ చన్నీళ్లు కలుపుకోవడం వల్ల కరెంటూ దండగ, గీజరూ దండగ. రోజంతా ఆన్‌లో ఉంచకుండా, అవసరానికి అరగంట ముందు వేసుకోండి.

రెండోది యానోడ్ రాడ్. స్టోరేజ్ గీజర్ కొన్న చాలామందికి అలాంటిదొకటి ఉందనే తెలియదు. ట్యాంకు తుప్పు పట్టకుండా తనే కరిగిపోయే మెగ్నీషియం కడ్డీ అది. లవణాలు ఎక్కువున్న నీళ్లలో వేగంగా తరిగిపోతుంది. ఏడాదికోసారి, చలికాలం రాకముందు, మెకానిక్‌ను పిలిచి విప్పించండి. కడ్డీ అక్కడక్కడా కొరికేసినట్టై లోపలి తీగ కనబడుతోందంటే మార్చాలి. ఇది చిన్న ఖర్చు. ట్యాంకు కారడం మొదలైతే మాత్రం ఇక రిపేరు లేదు, కొత్త గీజరే.

అదే రోజు ట్యాంకు ఖాళీ చేయించి, అడుగున ఉన్న పెచ్చులు కడిగించండి. ఎలిమెంట్‌ను నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపిన గోరువెచ్చటి నీళ్లలో గంటసేపు ముంచితే పొర మెత్తబడి ఊడుతుంది. సుత్తితో, స్క్రూడ్రైవర్‌తో గీకనీయకండి. మెకానిక్‌లకు ఆ తొందర ఎక్కువ, మన కళ్లముందే కొట్టేస్తారు. గీజర్‌కు కరెంటు ఇచ్చే స్విచ్ (ఎంసీబీ) ఆపేశారో లేదో మీరే ఒకసారి చూసుకోండి.

బకెట్‌లో పెట్టే హీటర్ రాడ్డుకీ ఇదే మందు. ప్లగ్గు తీసి, రాడ్డు చల్లారాక, ప్లాస్టిక్ బకెట్‌లో లీటరు నీళ్లకు రెండు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి, నీళ్లలో మునిగే భాగం మాత్రమే ముంచండి. బుసబుసమని బుడగలు వస్తాయి. అవి ఆగాక పాత టూత్‌బ్రష్‌తో తోమితే చాలు. హ్యాండిల్‌కు తడి తగలనీయకూడదు.

సోలార్ హీటర్ ఉన్నవాళ్లకు ఒక మాట. గాజు గొట్టాల్లోకి నేరుగా నీళ్లు వెళ్లే రకంలో ఆ గొట్టాల్లోనూ సున్నం కడుతుంది. కొత్తగా పెట్టించుకునేవాళ్లు కఠినమైన నీళ్లుంటే హీట్ ఎక్స్‌ఛేంజర్ ఉన్న రకం అడగండి.

ఐదో మెట్టు: వాషింగ్ మెషీన్

హీటర్ లేని టాప్ లోడ్ మెషీన్‌కు సున్నం బెడద తక్కువ. నీళ్ల పైపు బిగించే చోట ఉండే చిన్న జాలీని రెండు నెలలకోసారి తీసి కడిగితే సరి. ఫ్రంట్ లోడ్ వేరు, అడుగున హీటర్ ఉంటుంది. రోజువారీ బట్టలకు చన్నీళ్ల వాష్ పెట్టుకుని, దుప్పట్లకూ తువ్వాళ్లకూ మాత్రం వేడినీళ్లు వాడితే హీటర్‌కు పని తగ్గుతుంది.

తువ్వాలు ఆరాక అప్పడంలా బిరుసెక్కుతోందంటే, పొడి తక్కువైందని ఇంకో గరిటె వేస్తాం. కఠినమైన నీళ్లలో కాస్త ఎక్కువ పొడి అవసరమే, కానీ డబ్బా మీద హార్డ్ వాటర్‌కు రాసిన కొలత దాటితే అది బట్టల్లోనే ఉండిపోతుంది. సబ్బు బిళ్లతో ఉతికే చొక్కా కాలర్లయితే కాల్షియం సబ్బు తెట్టుతో బూడిద రంగుకు తిరుగుతాయి.

రెండు మూడు నెలలకోసారి ఖాళీ డ్రమ్ములో 100 గ్రాముల నిమ్మ ఉప్పు వేసి, 60 డిగ్రీల కాటన్ వాష్ పెట్టండి. మధ్యలో ఒకసారి ఆపి అరగంట నాననిస్తే ఇంకా మంచిది. తర్వాత ఒక రిన్స్ తప్పనిసరి. కంపెనీ మాన్యువల్‌లో వేరే పొడి చెప్పి ఉంటే, గ్యారంటీ ఉన్నన్నాళ్లూ అదే వాడండి. ఒక్క హెచ్చరిక: నిమ్మ ఉప్పుగానీ, వెనిగర్‌గానీ, బాత్రూమ్ యాసిడ్‌గానీ, బ్లీచింగ్‌తో ఎన్నడూ కలపకూడదు. క్లోరిన్ వాయువు పుడుతుంది. మూసిన బాత్రూమ్‌లో అది ఆసుపత్రి దాకా తీసుకెళ్తుంది.

డిష్‌వాషర్ ఉంటే దాంట్లోనే కాఠిన్యం తీసే చిన్న సాఫ్ట్‌నర్ ఉంటుంది, అయితే దానికి మీ అంకె చెప్పాలి. చాలా మెషీన్లు జర్మన్ డిగ్రీల్లో అడుగుతాయి. మీ పీపీఎంను 17.8తో భాగించండి. 400 అయితే సుమారు 22. ఉప్పు గదిలో డిష్‌వాషర్ ఉప్పే వేయండి. వంటింటి మెత్తటి ఉప్పులో గడ్డకట్టకుండా కలిపే పదార్థాలు దాన్ని పాడుచేస్తాయి.

ఆరో మెట్టు: వంటిల్లు, కుళాయిలు, మిగతావి

కఠినమైన నీళ్లలో కందిపప్పు ఎంతసేపటికీ ఉడకదు, పలుకు పలుకుగా మిగులుతుంది. కాల్షియం పప్పు పొరల్లోని పెక్టిన్‌ను గట్టిపరుస్తుంది కాబట్టి. పూర్వం ఇందుకు కోడల్ని అనేవాళ్లు, అనాల్సింది బావిని. పప్పుకు ఆర్‌ఓ నీళ్లు పోయండి, లేదా చిటికెడు వంట సోడా. ఇడ్లీ కుక్కర్ అడుగున నీళ్లలో చింతపండు రెబ్బ వేయడం మా అమ్మ అలవాటు. గిన్నె నల్లబడకుండా, తెల్ల చార కట్టకుండా ఆపేది ఆ పులుపే. ఇంతకంటే చవక డీస్కేలింగ్ లేదు. కెటిల్‌కైతే నీళ్లలో ఒక చెంచా నిమ్మ ఉప్పు వేసి, మరిగించి, పావుగంట ఉంచి, రెండుసార్లు కడిగేయండి.

షవర్ తిప్పి ఊడదీయనవసరం లేదు. నిమ్మ ఉప్పు నీళ్లు పోసిన ప్లాస్టిక్ కవర్‌ను షవర్‌కు తొడిగి రబ్బరు బ్యాండ్ వేయండి. గంట తర్వాత బ్రష్‌తో రుద్ది, నీళ్లు వదలండి. బాత్రూమ్ యాసిడ్ మాత్రం కుళాయిల మీద పోయకండి, మెరుగు మొత్తం పోతుంది. పాలరాయి మీదైతే నిమ్మ ఉప్పు కూడా పడకూడదు, ఎందుకంటే పాలరాయీ కాల్షియం కార్బొనేటే.

ఎయిర్ కూలర్‌లో వేడి లేదు కదా అనుకోకండి. నీళ్లు ఆవిరై ఎగిరిపోతుంటే తొట్టిలో మిగిలినవి రోజురోజుకీ చిక్కబడతాయి. వారానికి రెండుసార్లు తొట్టి పూర్తిగా ఖాళీ చేసి కొత్త నీళ్లు నింపితే ప్యాడ్లు ఇంకో సీజన్ వస్తాయి. ఆర్‌ఓ వదిలేసే నీళ్లు కూలర్‌లో పోసి ఆదా చేశామనుకుంటారు కొందరు. అవి మామూలు నీళ్లకంటే చిక్కటివి, ఇల్లు తుడవడానికీ టాయిలెట్‌కీ వాడండి. అన్నట్టు, మీ నీళ్ల టీడీఎస్ 500 లోపుంటే ఆర్‌ఓ అవసరం ఏమిటో ఆలోచించండి. అలాంటి చోట ఆర్‌ఓ వాడకాన్ని ఆపాలని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2019లోనే చెప్పింది.

ఏడో మెట్టు: సాఫ్ట్‌నర్ కొనాలా?

కాఠిన్యం 200 లోపైతే వద్దు, పై పనులు చాలు. 300 దాటితే ఆలోచించండి. అయస్కాంతాలు, పైపుకు చుట్టే ఎలక్ట్రానిక్ పెట్టెలు నేనైతే కొనను, అవి పనిచేస్తాయనే గట్టి రుజువు లేదు. మెషీన్ పైపుకు తగిలించే, తెల్ల గోళీలుండే చిన్న ఫిల్టర్లలో పాలీఫాస్ఫేట్ ఉంటుంది. అది కాల్షియాన్ని తీయదు, పేరుకోకుండా కొంతసేపు పట్టి ఉంచుతుంది. వాషింగ్ మెషీన్‌కు పర్వాలేదు, తాగే నీళ్ల లైనుకు పెట్టకండి.

నిజంగా కాఠిన్యం తీసేది రెజిన్ (సన్నటి ప్లాస్టిక్ గుళికలు) నింపిన సాఫ్ట్‌నర్. కాల్షియం, మెగ్నీషియం పట్టుకుని సోడియం వదులుతుంది. కాబట్టి టీడీఎస్ తగ్గదు. తగ్గలేదని షాపువాడితో గొడవ పెట్టుకోకండి. తీసిన ప్రతి 100 పీపీఎం కాఠిన్యానికి లీటరులో 46 మిల్లీగ్రాముల సోడియం చేరుతుంది. 400 తీస్తే 184. బీపీ ఉన్నవాళ్లు ఈ నీళ్లు నేరుగా తాగకూడదు. వంటింటి కుళాయికి లైను విడిగా ఉంచుకోండి, లేదా ఆర్‌ఓ తర్వాతే తాగండి. మొక్కలకూ ఈ నీళ్లు వద్దు. ఫ్లోరైడ్ ఉన్న ప్రాంతాలవాళ్లు గుర్తుంచుకోవాలి, సాఫ్ట్‌నర్ దాన్ని తీయదు, ఆ పరీక్ష వేరే చేయించుకోవాలి. బోరు నీళ్లు కాసేపటికి ఎర్రబడుతుంటే అందులో ఇనుము ఉంది, ముందు దానికి ఫిల్టర్ పెట్టకపోతే రెజిన్ పాడవుతుంది.

సైజు లెక్క ఇలా వేయండి. నలుగురికి రోజుకు 500 లీటర్లు, కాఠిన్యం 400 అంటే రోజుకు 200 గ్రాములు తీయాలి. లీటరు రెజిన్ సుమారు 50 గ్రాములు పట్టుకుంటుంది. 25 లీటర్ల రెజిన్ పెడితే 1250 గ్రాములు, అంటే రెజిన్ మళ్లీ పనిచేసేలా ఆరు రోజులకోసారి ఉప్పు పోయాలి. ప్రతిసారీ 3 నుంచి 4 కిలోల ఉప్పు, కడగడానికి కొన్ని బకెట్ల నీళ్లు. నెలకు 15 నుంచి 20 కిలోలు మోయడం మీకు కుదురుతుందా, ఎవరు పోస్తారు, బిల్డింగ్ మొత్తానికి పెడితే ఆ పని వాచ్‌మన్‌దా, అసోసియేషన్‌దా? ఇవి కొనే ముందు తేల్చుకోవాలి. ఇంతా వద్దనుకుంటే ఒక్క బాత్రూమ్ లైనుకే చిన్నది పెట్టుకోవచ్చు. మేం చివరికి అదే చేశాం.

పెట్టాక కిట్‌ను అటకెక్కించకండి. ఉప్పు పోసి కడిగిన మర్నాడు సాఫ్ట్‌నర్ నీళ్లు సీసాలో పట్టి ఇండికేటర్ వేస్తే మొదటే నీలం రావాలి. మేం ఆదివారం ఆదివారం చూస్తాం. ద్రాక్షరసం రంగు కనబడిన రోజున ఉప్పు బస్తా విప్పుతాం.